తప్పిన రోజు లెక్కను తెల్లారి మీద వెయ్యకు

తమ్ముడూ, హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నవ్. రోజుకు పన్నెండు గంటల టైం టేబుల్ గోడకు అంటిస్తవ్. నాలుగైదు రోజులు నడుస్తది. ఒక్క రోజు తప్పితే "నాతోని కాదు" అని వారమంతా వదిలేసి, నిన్ను నువ్వు తిట్టుకుని, ఇంకా గట్టి టైం టేబుల్ వేస్తవ్. క్రమశిక్షణ ఎట్లొస్తదని అడిగినవ్. నేను నక్కలగుట్ట దిక్కు ఏళ్లుగా స్టడీ హాల్ నడుపుతున్న. ఈ బాధ రోజూ చూసేదే కాబట్టి నాకు తెలిసింది చెప్తున్న.

తప్పిన రోజు పిల్లలను అంతగా దెబ్బ తియ్యది. దెబ్బంతా ఆ తెల్లారే. సోమవారం జ్వరమొచ్చో, ఊరి నుంచి చుట్టాలొచ్చో ఆరు గంటలు పోతయి. మంగళవారం ఆ ఆరూ కలిపి పద్దెనిమిది గంటలు చదవాలని కూర్చుంటరు. అది అయ్యే పనేనా? బుధవారానికి బ్యాక్‌లాగ్ ఇంకా పెరుగుతది, గురువారం సీటు ఖాళీ. అందుకే మా హాల్‌కు కొత్తగా వచ్చేటోళ్లకు మొదలు చెప్పేది ఇదే: పోయిన గంటలను పోనియ్యి. మంగళవారం నాడు మంగళవారం చదువే చదువు. మిగిలిన చాప్టర్లకు ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా పెట్టుకో. అందులో ఎంత అయితే అంత.

మాది పరకాల దిక్కు పత్తి రైతుల ఇల్లు. గింజ పెట్టినంక అక్కడక్కడ మొలవదు. మా బాపు ఖాళీ ఉన్న కాడ పోగుంటలు, అంటే మళ్ల గింజలు, పెట్టుకుంట పోయేటోడు. నాలుగు గింజలు మొలవలేదని చేను మొత్తం దున్నేసుడు నేనెన్నడూ చూడలే.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె తోటివాళ్లు 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. రోజూ ఒకే వేళకు, ఒకే సందర్భంలో, తినడానికో తాగడానికో వ్యాయామానికో సంబంధించిన ఒక చిన్న పని ఎంచుకుని చెయ్యమన్నరు. అది ఆలోచించకుండానే జరిగే అలవాటు కావడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యస్థం, అంటే అందరినీ వరుసగా పెడితే సరిగ్గ నడుమ పడే లెక్క, 66 రోజులు. నడుమ ఒక రోజు తప్పినా అలవాటు పడే తీరులో పెద్ద తేడా రాలేదు. కాబట్టి 21 రోజుల్లో అలవాటైపోతదనే మాట పట్టుకుని 22వ రోజు కుంగిపోకు. పాలిటీ పుస్తకం ముందు గంటలు కూర్చునుడు ఆ చిన్న పనులకంటే ఎంతో బరువైంది, టైం పడుతది.

ఇగ తిట్టుకునుడు సంగతి. దీని గురించే నాకు ఎక్కువ బాధ. "నన్ను నేను తిట్టుకోకపోతే ఇంకా సోమరినైపోత" అని చాలామంది భయపడుతరు. కెనడాలో కార్ల్‌టన్ యూనివర్సిటీ మొదటి సంవత్సరం విద్యార్థులను గమనిస్తే దీనికి ఉల్టాగా తేలింది. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు, రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేసిన్రు. ఇది కూడా 2010లో వచ్చిన అధ్యయనమే. నాకైతే ఆశ్చర్యం అనిపించలే. పుస్తకం తెరువంగనే తిట్లు గుర్తొస్తే ఎవరికైనా ఫోన్ దిక్కే చెయ్యి పోతది.

పైగా ఇది ఒక నెల పని కాదు. 783 పోస్టులకు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చిన గ్రూప్-2, వాయిదాలు పడీ పడీ 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. రెండేళ్లు. తనను తాను తిట్టుకుంట అంత దూరం నడిచినోళ్లను నేను తక్కువ చూసిన. నిలబడినోళ్ల టైం టేబుల్‌లో నిద్ర ఉండేది, బతుకమ్మ ఉండేది. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కాడికి పోయేది ఉంటే ముందే రాసుకునేటోళ్లు. రాసుకుని పోయినంక మనసులో పీకుడు ఉండదు కదా.

చెడ్డ రోజుకు కూడా ఒక లెక్క పెట్టుకో. తలనొస్తున్నా, మనసు బాగలేకున్నా చెయ్యగలిగేంత చిన్నది: పది బిట్లు, వాటి జవాబులు, అంతే. "మెస్‌ల టిఫిన్ చేసి రాంగనే ఫోన్ బ్యాగుల పెట్టి పది బిట్లు తీస్త" అని వేళతో, చోటుతో సహా రాసుకో. ఉత్త "రేపటి నుంచి బాగా చదువుత" కంటే ఇది చాలా గట్టిగ పనిచేస్తది. ఆ పది అయితే ఆ రోజు చదివినట్టే. ఇంకో ముచ్చట: వారాలకు వారాలు నిద్ర పట్టకున్నా, తిండి పోకున్నా, బతుకుడెందుకు అనిపించినా అది క్రమశిక్షణ సమస్య కాదు. మనసు బాధలకు సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. పైసలు పడవు, తెలుగులో మాట్లాడుతరు.

రోజూ రాత్రి బాపు ఫోన్ చేసి "ఎన్ని గంటలు చదివినవ్ బిడ్డా" అంటడని, ఆ మాట వింటేనే గుండె దడదడ అంటదని రాసినవ్. ఆయనకు గ్రూప్-2 గురించి అడగడానికి ఇంకో మాట తెలియక గంటలడుగుతుండు. రేపు ఫోన్ రాంగనే గంటల ముచ్చట రాకముందే నువ్వే చదివిందొకటి చెప్పు. మీది రామప్ప చెరువు కింద పొలమే అన్నవ్ కదా, తెలంగాణ చరిత్రలో కాకతీయుల చెరువుల పాఠమే తియ్యి. తూము గురించి, కట్ట గురించి నీ పుస్తకంలో లేనివి ఆయనే నాలుగు చెప్తడు.