మాస్టారిని అడగండి: 64 కార్డుల్లో ఏ నాలుగు తీయాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఆమదాలవలస. శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదువుతున్నాను. పోకెమాన్ కార్డుల ఆటంటే ప్రాణం. వచ్చే నెల విశాఖలో పోటీ ఉంది. చారిజార్డ్ ఈఎక్స్, పిడ్జియాట్ ఈఎక్స్ అనే రెండు పెద్ద పోకెమాన్లతో డెక్ (ఆటకి పట్టుకెళ్లే కార్డుల కట్ట) కట్టాను. కార్డులన్నీ ఆ పోటీలో చెల్లుతాయని అడిగి తెలుసుకున్నాను. లెక్కపెడితే 64 వచ్చాయి, ఉండాల్సినవి 60. ఏది తీద్దామన్నా పనికొచ్చేదిలాగే కనిపిస్తోంది. దాడికి కావాల్సిన ఫైర్ ఎనర్జీలు 10, ముందున్న పోకెమాన్‌ని వెనకున్నదానితో మార్చే స్విచ్‌లు 4, చిన్న పోకెమాన్‌ని మధ్య దశ లేకుండా నేరుగా పెద్దదాన్ని చేసే రేర్ క్యాండీలు 3, బాసెస్ ఆర్డర్స్ 1 ఉన్నాయి. మిగతావి పోకెమాన్లు, వాటిని డెక్‌లోంచి వెతికి తెచ్చే బాల్స్, కొత్త కార్డులు తీసుకోవడం లాంటి సాయం చేసే సపోర్టర్లు. ఏ నాలుగు తీయమంటారు?

జవాబు: బాబూ, నీ ఉత్తరం చదవగానే నా పాత నోట్‌బుక్ తీశాను. ఇదే డెక్ నేనూ మా మనవడితో చాన్నాళ్లు ఆడాను. అందులో ఒక పేజీ నీకు చెప్పాలి.

విజయనగరంలో మా ఇంటి అరుగు మీద, సాయంత్రం పూట ఆట. నా చేతికి వచ్చిన 7 కార్డులు ఇవి: చారిజార్డ్‌లు రెండు, పిడ్జియాట్ ఒకటి, ఫైర్ ఎనర్జీలు మూడు, పెరిగి చారిజార్డ్ అయ్యే చిన్న పోకెమాన్ చార్మాండర్ ఒకటి. బాల్ లేదు, సపోర్టర్ లేదు, క్యాండీ లేదు. చార్మాండర్‌ని ముందు పెట్టి కూర్చున్నాను. నా టర్న్‌లో డెక్‌లోంచి తీసుకున్న కార్డు కూడా ఎనర్జీయే. మనవడు తన రెండో టర్న్‌లో చార్మాండర్‌ని పడగొట్టేశాడు. నా బెంచ్ మీద, అంటే వెనక వరసలో, ఇంకో పోకెమాన్ లేదు కాబట్టి ఆట అక్కడితో సరి. చేతిలో మాత్రం నాలుగు ఎనర్జీలు మిగిలాయి. ఆ రోజు నా డెక్‌లోనూ నీలాగే 10 ఎనర్జీలు ఉన్నాయి.

ఇది మంచి కార్డేనా అని అడిగితే ప్రతి కార్డూ మంచిదే అనిపిస్తుంది. చెడ్డదైతే అసలు పెట్టేవాడివే కాదు కదా. అందుకని ఇలా అడుగు: దీని చోట వేరే కార్డు వచ్చి ఉంటే చేతిలోని ఆట బాగుపడేదా?

నీ ఎనర్జీలనే ఇలా చూద్దాం. చారిజార్డ్ ఈఎక్స్ పరిణామం చెంది దిగగానే, దాని ఎబిలిటీ (ప్రత్యేక శక్తి) వల్ల డెక్‌లోంచి మూడు ఫైర్ ఎనర్జీల దాకా తెచ్చి తగిలించుకోవచ్చు. దాని దాడికి కావాల్సింది రెండే. అంటే ఈ డెక్‌లో ఎనర్జీ చేతిలో కంటే డెక్ లోపల ఉన్నప్పుడే ఎక్కువ విలువ. చాలా డెక్కులకు ఇది వర్తించదు, దీనికి మాత్రం అచ్చంగా వర్తిస్తుంది. 7 ఉంచు. మూడు తీసెయ్.

తర్వాత స్విచ్‌లు. నాలుగెందుకు పెట్టావో నాకు తెలుసు. చారిజార్డ్ వెనక్కి రావాలంటే రెండు ఎనర్జీలు వదులుకోవాలి, ఆ భయం. కానీ పిడ్జియాట్ ఈఎక్స్‌కి వెనక్కి వెళ్లే ఖర్చు సున్నా. ముందున్న పోకెమాన్ పడిపోతే పిడ్జియాట్‌ని ముందుకు తెచ్చి, నీ టర్న్‌లో ఉచితంగా వెనక్కి పంపి, కావాల్సినదాన్ని నిలబెట్టుకోవచ్చు. ఒక్క స్విచ్ ఉంచి మూడు తీసెయ్. అది అవసరమైన రోజు పిడ్జియాటే వెతికి ఇస్తుంది.

ఇప్పటికి 58 అయ్యాయి. నాలుగు తీయమంటే ఆరు తీయించాడేమిటని కంగారు పడకు. రెండు ఖాళీలు కావాలనే తీయించాను.

మొదటి ఖాళీలో నాలుగో రేర్ క్యాండీ పెట్టు. లెక్క చూడు. 60 కార్డుల్లో ఒక కార్డు ఒక్కటే ఉంటే, మొదటి 7 కార్డుల్లో అది వచ్చే అవకాశం 12 శాతం లోపే. రెండుంటే కనీసం ఒకటి రావడానికి 22, మూడుంటే 31న్నర, నాలుగుంటే 40. కార్డు పెంచేకొద్దీ పెరుగుదల కాస్త కాస్త తగ్గుతుంది. అందుకే అన్నీ నాలుగేసి పెట్టాలని నేనెప్పుడూ చెప్పను. కానీ నీ డెక్ మొత్తం రెండో టర్న్‌లో క్యాండీ దొరకడం మీదే నడుస్తుంది. నా చేతిలో రెండు చారిజార్డ్‌లు పడుకున్న ఆ సాయంత్రం సంగతి చెప్పానుగా. దీనికి మూడు చాలవు.

రెండో ఖాళీలో రెండో బాసెస్ ఆర్డర్స్ పెట్టు. ఎదుటివాడి బెంచ్ మీద దాక్కున్న పోకెమాన్‌ని ముందుకు లాక్కొచ్చే కార్డు అది. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా మన ప్రైజ్ కార్డులు తీసుకుంటాం, అన్నీ ముందుగా తీసుకున్నవాడిదే గెలుపు. చివరి ప్రైజ్ చాలాసార్లు దానితోనే తీస్తాం. ఆట మొదట్లో 6 కార్డులు ప్రైజ్‌లుగా పక్కకి పోతాయి కదా. ఒక్కటే పెట్టుకుంటే అది అందులో చిక్కుకునే అవకాశం సరిగ్గా 10 శాతం, అంటే పది ఆటల్లో ఒకటి. రెండూ చిక్కుకోవడం ఒక శాతం కూడా ఉండదు.

మరి ఒక్కొక్కటే పెట్టినవన్నీ తప్పేనా అంటే, కాదు. పిడ్జియాట్ ఈఎక్స్ ప్రతి టర్న్‌లో డెక్‌లోంచి నీకు నచ్చిన ఏ కార్డైనా ఒకటి తెస్తుంది. అది దిగాక పనికొచ్చే కార్డు ఒక్కటున్నా బండి నడుస్తుంది. అది దిగకముందే కావాల్సిన బడ్డీ-బడ్డీ పాఫిన్ (చిన్న పోకెమాన్లను డెక్‌లోంచి బెంచ్ మీదకి తెచ్చే కార్డు), క్యాండీ లాంటివి ఎక్కువగా ఉండాలి. నీ జాబితా ముందేసుకుని ప్రతి కార్డు పక్కన ‘ముందు’ అనో ‘తర్వాత’ అనో రాయి. నేను అలా రాసుకున్న రోజే నా డెక్ నాకు అర్థమైంది.

అయోనో గురించి నువ్వు అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. ఆ కార్డు ఆడితే ఇద్దరూ చేతిలోవి డెక్ అడుక్కి పెట్టి, ఎవరికి ఎన్ని ప్రైజ్‌లు మిగిలాయో అన్ని కార్డులు తీసుకుంటారు. ఎదుటివాడికి రెండే మిగిలి నీకు ఐదుంటే, వాడికి రెండు కార్డులు, నీకు ఐదు. అదే సమయంలో చారిజార్డ్ దెబ్బ 180కి తోడు, ఎదుటివాడు తీసుకున్న ప్రతి ప్రైజ్‌కీ 30 పెరుగుతుంది. వాడు నాలుగు తీసుకుని ఉంటే 300. వెనకబడినప్పుడే బలం వచ్చే డెక్ ఇది. అందుకని ఏ కార్డునైనా ‘నేను వెనకబడి ఉన్నప్పుడు ఇది చేతికొస్తే ఎలా ఉంటుంది’ అని తప్పకుండా చూడు. గెలుస్తున్నప్పుడు మాత్రమే అక్కరకొచ్చేవి ఇందులో ఎక్కువ వద్దు.

నా మాట మీద కొనేయకు. తెల్లకాగితం ముక్క మీద కార్డు పేరు రాసి, పాత కార్డు మీద పెట్టి స్లీవ్‌లో (కార్డు తొడుగులో) దూర్చు. స్నేహితులతో 20 ఆటలు ఆడు. పోటీలో అది చెల్లదు, ఇంట్లో ఎవరూ కాదనరు. ప్రతి ఆటకీ రెండు ముక్కలు రాసుకో: కొత్త కార్డు చేతికొచ్చిందా, వస్తే ఆడావా. గెలిపించిన ఆట ఒక్కటి ఏడాదిపాటు గుర్తుంటుంది, చేతిలో చచ్చిన ముక్కలా పడున్న పది ఆటలు మర్నాటికే మర్చిపోతాం. నా నోట్‌బుక్‌లో నాకెంతో ఇష్టమైన ఒక కార్డు 14 ఆటల్లో చేతికొచ్చింది, ఆడింది మూడింట్లో. తీయడానికి మనసొప్పలేదు గానీ, తీశాను.

ప్రశ్న: మాస్టారు గారూ, మాది బొబ్బిలి. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. డెక్ బాగుపడాలంటూ నెలనెలా కార్డు ప్యాకెట్లు కొనమంటాడు. ఎన్ని కొన్నా వాడికి కావాల్సినవి రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ప్యాకెట్‌లో ఏముందో విప్పేదాకా ఎవరికీ తెలియదు. డెక్‌కి కావాల్సినవేమో పేరుపేరునా తెలిసిన కార్డులు. అందుకని డెక్ కోసమైతే విడికార్డులు కొనండి. ఆటలో బాగా వాడే సపోర్టర్లు, బాల్స్ మామూలు ముద్రణలో చవగ్గానే దొరుకుతాయి. మెరిసే బొమ్మ ఉన్న కార్డుకి ధర ఎక్కువ గానీ ఆటలో బలం ఒక్కటే. బాబుని పక్కన కూర్చోబెట్టుకుని, వాడికి కావాల్సిన ఐదు కార్డులు ఏమిటో, ఏవి తీసి వాటిని పెడతాడో రాయించండి. రాయగలిగితే కొనండి. ప్యాకెట్ విప్పే సరదా పుట్టినరోజుకి ఉంచండి. పండగ అంగళ్లలో బంగారు రంగులో తళతళలాడుతూ దొరికే కార్డులు నకిలీవి, అవి ఏ పోటీలోనూ పనికిరావు. పిల్లవాడికి ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే చాలా బాధపడతాడు.

ప్రశ్న: చీపురుపల్లి నుంచి రాస్తున్నాను మాస్టారూ. నేను ఫోన్‌లో పోకెమాన్ పాకెట్ ఆడతాను. అందులో 20 కార్డులే కదా, ఒక్కొక్కటే పెట్టినా ఫర్వాలేదా?

జవాబు: పెద్ద ఆటలో కంటే చాలా నయం తల్లీ. మొదట చేతికొచ్చేవి 5 కాబట్టి, ఒక్కటే ఉన్న కార్డు మొదట్లోనే రావడానికి దాదాపు నాలుగో వంతు అవకాశం ఉంది. రెండు పెడితే 45 శాతం దగ్గరికి వెళ్తుంది. అక్కడ ఒక కార్డు రెండుకి మించి పెట్టనివ్వరు కాబట్టి, మొదటి రెండు టర్న్‌లలో కావాల్సినవన్నీ రెండేసి పెట్టు. ఆట చివర్లో పనికొచ్చేది ఒక్కటి చాలు. నీ 20 కార్డుల జాబితా రాసి పంపు, వచ్చే సంచికలో ఒక్కొక్కటీ చూద్దాం.