ఈ తరం పిల్లలు క్రైస్తవుల్ని ఎట్ల చూస్తున్నరు? నల్లగొండ నుంచి నా జవాబు

మీరు అడిగింది ఇది: ఇప్పటి యువత క్రైస్తవుల్ని, వాళ్ల బతుకు తీరుని ఎట్ల చూస్తున్నది, గౌరవమా, చిన్నచూపా? నేను దేవరకొండ దిక్కు ఒక మెన్నోనైట్ (ప్రొటెస్టంట్ క్రైస్తవులల్ల ఒక శాఖ) సంఘంల పుట్టి పెరిగిన. నల్లగొండల ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్త, ఆదివారం సాయంత్రం యవ్వనస్థుల కూడికల కూర్చుంట. సంఘం బయటి పిల్లల మాట, లోపలి పిల్లల మాట రెండూ నా చెవిన పడుతుంటయి. ఆ రెండూ వేరువేరు, అందుకని వేరుగానే చెప్త.

బయటి పిల్లలు మన బోధ దగ్గరికి రానే రారు. వాళ్లకు మొదట కనబడేది ఫోన్లో వచ్చే స్వస్థత వీడియోలు. పాస్టర్ చెయ్యి పెట్టంగనే మనిషి వెనక్కి పడిపోవుడు, దాని మీద ఎవరో అతికించిన వెకిలి పాట. క్రైస్తవులంటే ఇంతే అనుకునే పిల్లలు నా క్లాసులనే ఉన్నరు. ఇంట్ల విన్న మాట ఇంకొకటి ఉంటది: "బియ్యానికి ఆశపడి మారిన్రు." అది విన్నప్పుడు నేను కోపం చేసుకోను, ఈ జిల్లా సంగతే చెప్త. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ అనే మెన్నోనైట్ మిషనరీ 1890 ప్రాంతంల నల్లగొండకు వచ్చి ఉన్నడు. అది నిజాం ఏలుబడి. బడి గడప తొక్కనియ్యని వాడల నుంచి వచ్చినోళ్లే ఆ సంఘంల ఎక్కువమంది. మా నాయనమ్మ అక్షరాలు దిద్దింది మిషన్ బడిలనే. జడ్చర్ల మెన్నోనైట్ ఆస్పత్రికి ఏ మతం వాళ్లైనా కాన్పులకు బండి కట్టుకొని పోయేటోళ్లని మా ఇంటి పెద్దలు ఇప్పటికీ చెప్తరు. ఇవి విన్నంక పిల్లల ముఖాలు మారుతయి. వాళ్లకు పగ లేదు, తెల్వకపోవుడే ఉంది.

ప్రసాదం దగ్గర మాత్రం నిజంగనే మనసులు నొచ్చుకుంటయి. ఒకసారి ఒక అమ్మాయి యాదగిరిగుట్టకు పోయివచ్చి పులిహోర పొట్లం విప్పింది. బెంచీ మీద అందరికీ తలా ఇంత పెడుతుంటే, పక్కనున్న మా సంఘం పిల్ల చెయ్యి వెనక్కి తీసుకొని, "మేము దయ్యాలకు పెట్టింది తినం" అన్నది. పొట్లం విప్పిన పిల్ల కండ్లల్ల నీళ్లు. తర్వాత స్టాఫ్ రూముకు వచ్చి నాతోటి ఒక్కటే అన్నది: "తినకున్నా ఏం కాదు మేడం, మా అమ్మ పొద్దున లేచి గుట్టెక్కి తెచ్చింది, దాన్ని దయ్యం అనొద్దు."

నేను మా పిల్లను కూర్చోబెట్టి మొదటి కొరింథీ పత్రిక 8వ అధ్యాయం చదివించిన. విగ్రహాలకు అర్పించిన వాటి గురించే అక్కడ పౌలు మాట్లాడుతడు, మొదలుపెట్టుడే జ్ఞానం ఉప్పొంగజేస్తది, ప్రేమ కడుతది అని మొదలుపెడుతడు. తినకపోవుడు నీ విశ్వాసం, దానికి ఎవరూ అడ్డురారు. "నాకు వద్దక్కా, మీ అమ్మ మంచిగున్నదా?" అంటే సరిపోయేది. ఆ పిల్లకు ఆ దురుసు మాట మైకుల నుంచి వచ్చింది, పెద్దోళ్లు అన్నదే ఆమె అన్నది. బయటి పిల్లలు మనల్ని దూరం పెడుతున్నరంటే సగం కారణం ఇట్లాంటి మాటలే అని నేను గట్టిగా నమ్ముత.

మెచ్చుకునేవి కూడా ఉన్నయి. ఎవరన్నా ఆస్పత్రిల ఉంటే సంఘపోళ్లు వంతులేసుకొని అన్నం డబ్బాలు పట్టుకపోవుడు, చావింట్ల రాత్రంతా పాటలు పాడుకుంట కూర్చొనుడు, తాగుడు మానిన తండ్రులు. "మా బాపు కూడ మీ చర్చికి వస్తే బాగుండు, తాగుడన్నా మానేటోడు" అని అన్న పిల్లగాడు ఉన్నడు, వాళ్లది క్రైస్తవ ఇల్లు కాదు.

ఇగ లోపలి పిల్లలు. వీళ్ల చూపు ఇంకా పదును. పంటల తొలి భాగం చర్చికి తెచ్చిచ్చే కోత పండుగంటే ఇష్టపడుతరు. తెచ్చిన సొరకాయలు, కోళ్లు వేలం పాడుతుంటే ముసలోళ్లు పోటీపడి ధర పెంచుడు చూసి నవ్వుకుంటరు. కానీ ఎవరు ఎంత కానుక ఇచ్చిన్రో పేరుపేరునా మైకుల చదివితే తల దించుకుంటరు. కూలికి పోయి వంద రూపాయలు వేసిన అవ్వ పేరు ఆఖరికి రావుడు వాళ్లు గమనిస్తరు. పెండ్లి సంబంధాల దగ్గర ఇంకా బాధపడుతరు. క్రీస్తులో అందరం ఒకటే అని పొద్దున విన్న నోటితోనే సాయంత్రం "మాల క్రిస్టియన్ కావాలె, మాదిగ క్రిస్టియన్ వద్దు, రెడ్డి కేథలిక్ అయితేనే చూస్తం" అనే మాట వింటరు. కట్నం కూడ అంతే. నాకు తెలిసిన పిల్లలు సంఘం విడిచిపోయింది ఎక్కువ ఇక్కడనే, సిద్ధాంతం నచ్చక పోయినోళ్లు చాన తక్కువ.

అన్నిటికంటె బరువైంది కులం సర్టిఫికెట్ సంగతి. దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. సంఘంల ఒక పేరు, బడిల ఇంకో పేరు. బాప్తిస్మం రిజిస్టర్ల క్రైస్తవులు, కాలేజీ అప్లికేషన్ల హిందూ. అబద్ధమాడొద్దని నేర్పిన తల్లే ఆ ఫారం నింపి ఇస్తుంటే పిల్లలు ఏమనుకుంటరు? ఒక అబ్బాయి సూటిగానే అడిగిండు: "అక్కా, మనం దేవుని దగ్గర ఒకటి, ఎమ్మార్వో దగ్గర ఒకటా?"

దీని వేరు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ఉంది. ఎస్సీ హోదా హిందువులకే అని అందుల రాసిన్రు. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను చేర్చిన్రు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీలల్ల 'సి' గ్రూపు (బీసీ-సి) కింద పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చిన్రు, ఎస్సీలకు 15 శాతం. మతం మారితే కులం పోతదని ఆ ఉత్తర్వు లెక్క. మరి పై కులం పిల్లను పెండ్లి చేసుకున్నడని 2018ల మిర్యాలగూడల ఆస్పత్రి ముందర, గర్భిణి భార్య పక్కన నరికి చంపిన్రే, ఆ ప్రణయ్ దళిత క్రైస్తవ ఇంటోడే. కులం పోయి ఉంటే ఆ కత్తి ఎందుకు లేసింది? నల్లగొండ పిల్లలకు ఇది పేపర్ వార్త కాదు, వాళ్లు ఎదిగిందే ఆ కేసు వింటూ. 2025 మార్చిల ఆ కేసుల ఇక్కడి కోర్టు తీర్పు ఇచ్చిననాడు క్లాసుల పాఠం సాగలేదు.

అందుకని ఆ తల్లిదండ్రులను నేను అబద్ధికులు అనను, అననియ్యను. చదువు, కొలువు అనే రెండే దారులున్న ఇంట్ల వాళ్లు పడుతున్న ఇరకాటం అది. కానీ పిల్లల ముందర మౌనంగ ఉండుడు తప్పు. దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా సంగతి చూడమని కేంద్రం 2022ల మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసిందని కూడ మా కూడికల సగం మందికి తెల్వదు. వాక్యం తర్వాత పావుగంట కూర్చొని, ఉత్తర్వు ఏమంటది, బీసీ-సి తీసుకుంటే ఏమొస్తది, ఏం పోతది అని పాస్టర్లు విప్పి చెప్పాలె. మా దగ్గర ఒక వకీలును పిలిచి అడిగించినం. మామూలుగ ఆమెన్ అనంగనే లేచిపోయే పిల్లలు ఆ రోజు చీకటిపడ్డంక కూడ లేవలేదు.