‘అతడు’ అనాలా, ‘ఆమె’ అనాలా?

సందేహం: ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ మీద దాడి జరిగిందని మా జిల్లా పేజీలో వార్త వచ్చింది. చీరలో ఉన్న ఫొటో వేసి, కింద ‘అతడు పోలీసులకు ఫిర్యాదు చేశాడు’ అని రాశారు. పుట్టింది మగబిడ్డగానే కాబట్టి వ్యాకరణం ప్రకారం అదే కరెక్టని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: కాదండీ, వ్యాకరణం అలా చెప్పదు. సంస్కృతంలో లింగం మాటను బట్టి ఉంటుంది. ‘దార’ అన్నా ‘కళత్రం’ అన్నా భార్యే, అయినా మొదటిది పుంలింగం, రెండోది నపుంసకలింగం. తెలుగులో మాత్రం ఎవరి గురించి మాట్లాడుతున్నామో చూసుకునే క్రియ చివర డు, ది, రు పెడతాం. మరి ఆ మనిషి ఆడా మగా అన్నది ఎవరు చెప్పాలి? ఎవరికి వారే చెప్పుకోవాలని, అందుకు ఆపరేషన్ చేయించుకుని ఉండాలనే షరతు పెట్టకూడదని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ‘ఆమె’ అనే రాయాలి. ఇంకో సంగతి, మిగతా మహిళలకు ‘ఫిర్యాదు చేశారు’ అని రాసే పత్రిక ఈమెకు మాత్రం ‘చేసింది’ అంటే అదీ తప్పే. ఏమనాలో తెలియనప్పుడు అడగాలి, అడిగే వీల్లేకపోతే ‘ఆ వ్యక్తి ఫిర్యాదు చేశారు’ అంటే చాలు, ‘రు’లో ఆడా మగా తేడా లేదు, మర్యాదా ఉంది.

నన్ను ఇంతకంటే బాధపెట్టే మాట ‘స్వలింగ సంపర్కులు’. ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన 377 సెక్షన్ తీర్పు వార్తల్లోనూ ఇదే కనిపించింది. సంపర్కం అంటే ఇక్కడ శారీరక కలయిక. భార్యాభర్తల్ని ఎవరైనా ‘భిన్నలింగ సంపర్కులు’ అని పరిచయం చేస్తారా? ఒక మనిషి ప్రేమను, తోడును, మొత్తం బతుకును పడకగదికి కుదించేసే మాట అది. ‘స్వలింగ ప్రేమికులు’ ఎంతో నయం, గే, లెస్బియన్ అన్నా అందరికీ తెలుసు.

‘నపుంసకుడు’ అసలే వద్దు, చెట్టుకూ రాయికీ నపుంసకలింగమని బళ్లో చదువుకున్న మాట మనిషికెందుకు? ట్రాన్స్‌జెండర్లను నేరస్థుల్లా చూసిన, నిజాం కాలంలో వచ్చిన నపుంసకుల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది కూడా. ‘హిజ్రా’ తిట్టు కాదు, ఒక సముదాయం పేరు, కానీ ట్రాన్స్‌జెండర్లందరూ హిజ్రాలు కారు. ఇద్దరు గొడవపడితే ‘హిజ్రాల వీరంగం’ అని హెడ్డింగ్ పెట్టడమైతే అందరి మీదా నింద వేయడమే.

ఆ పత్రికకు ఒక ఉత్తరం రాయండి. ‘ఆమె ఫిర్యాదు చేశారు’ అని సవరణ వేయమని అడగండి.