బ్యాండు వాయిస్తానంటే పరువు పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. కాలేజీ ఎన్‌సీసీ బ్యాండులో ఏదో వాయిస్తాడు. నేవీ డే నాడు విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళం బ్యాండును చూసినప్పటి నుంచి మిలిటరీ బ్యాండులో చేరి లీడర్‌ని అవుతానంటున్నాడు. నేనేమో ఏఐ-ఎంఎల్‌లో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి ఉంచాను. రెండూ పోల్చి చెప్పగలరు. చుట్టాల్లో తలెత్తుకోలేకపోతున్నాం.
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: పోలుస్తాను గానీ, ముందు మీ చివరి మాట సంగతి చూద్దాం. ఉత్తరమంతా దాని కోసమే రాశారనిపించింది. వంట నేర్చుకుంటానన్న పిల్లాడి తండ్రి, కబడ్డీ ఆడతానన్న పిల్ల తల్లి... అందరూ నన్ను కెరీర్ గురించే అడుగుతారు. బెంగ మాత్రం పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చుని 'మీవాడేం చేస్తున్నాడు?' అనే చుట్టం గురించి. అయినా విజయనగరంలో ఉండి ఈ మాటా? 1919లో మీ ఊళ్లో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. వాద్యం పట్టుకున్న కొడుకును చూసి తలదించుకోవడం మీ ఊరికి నప్పదండీ.

ఇక అబ్బాయి. 'లీడర్' అన్న మాట దగ్గర వాడు కాస్త పొరబడుతున్నట్టున్నాడు. అందరికంటే ముందు పొన్నుకర్ర తిప్పుతూ నడిచేది డ్రమ్ మేజర్. నడక, మలుపు, ఆగడం ఆయన చూసుకుంటాడు. సంగీతం బాధ్యత బ్యాండ్ మాస్టర్‌ది. ఏ పాట, ఏ వాద్యానికి ఏ భాగం, ఎవరి శ్రుతి తప్పింది, అన్నీ ఆయనే. ఆర్మీలో మామూలుగా ఒక మిలిటరీ బ్యాండంటే 33 మంది వాద్యకారులు, ఒక బ్యాండ్ మాస్టర్. బ్యాగ్‌పైప్‌లు ఊదే పైప్ బ్యాండులో 17 మంది. ఆ కుర్రాళ్లంతా ముందు సిపాయిలు. యుద్ధమొస్తే గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద మోసేది వాళ్లే. బీచ్‌లో తెల్ల యూనిఫాం చూసి మనసు పారేసుకున్నవాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఒకప్పుడు బ్రిటిష్ రెజిమెంట్లలో అధికారులు సొంత డబ్బు పోసి జర్మనీ, ఇటలీల నుంచి బ్యాండ్ మాస్టర్లను తెచ్చుకునేవారు. ఏ బ్యాండు శ్రుతి దానిది. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్తూ టర్కీలోని స్కుటారిలో విక్టోరియా రాణి పుట్టినరోజు కవాతు చేస్తే, బ్యాండ్లన్నీ ఒకేసారి జాతీయగీతం ఎత్తుకుని రసాభాస చేశాయని చెబుతారు. 1857లో లండన్ దగ్గర నెల్లర్ హాల్‌లో మిలిటరీ సంగీత పాఠశాల పెట్టారు. మనకు 1950లో, జనరల్ కరియప్ప చొరవతో, మధ్యప్రదేశ్ కొండల్లోని పచ్‌మఢీలో సైనిక సంగీత శిక్షణ విభాగం వచ్చింది. ఆర్మీ బ్యాండ్ మాస్టర్ కావాలంటే ఏళ్ల తరబడి వాయించి ఆ కొండ మీద కోర్సులు గట్టెక్కాలి. నౌకాదళం వాళ్ల సంగీత పాఠశాల ముంబైలో, ఐఎన్‌ఎస్ కుంజలి అనే స్థావరంలో ఉంది.

బ్యాండువాడి బతుకెంత అంటారేమో. 1914లో పుట్టిన గూర్ఖా కుర్రాడు రామ్‌సింగ్ ఠాకురీ పల్టన్ బ్యాండులోనే ఎదిగాడు. మలయాలో (ఇప్పటి మలేసియా) జపాన్ సైన్యానికి చిక్కి, తర్వాత నేతాజీ ఫౌజులో చేరాడు. 'కదమ్ కదమ్ బఢాయే జా' బాణీ ఆయనదే. స్వాతంత్ర్యం వచ్చాక లక్నోలో పోలీసు బ్యాండు నడిపాడు. మన సైన్యం ఇప్పటికీ ఆ బాణీకి అడుగు వేస్తోంది.

అలాగని మీవాణ్ని రేపే పంపేయమనడం లేదు. 2022 నుంచి సిపాయిలుగా, నావికులుగా చేరడం అగ్నిపథ్ పథకం కిందే. నాలుగేళ్లు, మొదటి ఏడు నెలకు 30,000 జీతం, అందులో చేతికి 21,000. చివర్లో సేవానిధి పేరుతో ఒకేసారి ఇచ్చేది సుమారు 11.71 లక్షలు. ఆ తర్వాత కొనసాగించేది 25 శాతం మందినే. పచ్‌మఢీ కల ఆ గుమ్మం దాటాకే మొదలవుతుంది. మిగిలినవాళ్లకు పోలీసు, కేంద్ర బలగాల బ్యాండ్లున్నాయి గానీ ఖాళీలు ఎప్పుడు పడితే అప్పుడు రావు. ఈ భయం మీకుంటే న్యాయమే. ఈ భయమే రాసి ఉంటే నేనింత కసిరేవాణ్ని కాదు.

మరి మీ ఏఐ-ఎంఎల్ సీటు? బోర్డు మార్చి కొత్త పేరు తగిలించిన కాలేజీలు నేను చాలానే చూశాను. కోర్సు కొత్తది, పాఠం చెప్పేవాళ్లు పాతవాళ్లు, ల్యాబ్ అరకొర. లెక్కలంటే ప్రాణం పెట్టేవాడు ఎక్కడున్నా నెగ్గుకొస్తాడు. లెక్కలంటే మొహం ముడిచేవాడు లక్షలు పోసినా నాలుగో ఏడు నా ముందే కూర్చుంటాడు. మీవాడు ఏ రకమో మీ ఉత్తరంలో లేదు. అగ్నివీర్‌గా వెళ్లి వెనక్కొచ్చినా వాడికి ఇరవై రెండేళ్లు అటూఇటూగా ఉంటాయి, చేతిలో డబ్బుంటుంది, డిగ్రీ అప్పుడూ చదవొచ్చు. అప్పు చేసి కొన్న సీటు నచ్చకపోతే ఆ అప్పు మాత్రం తీరదు.

నోట్లు చూసి వాయించగలడా, విని పట్టుకుని వాయిస్తాడా అడగండి. చూసి వాయించడం రాకపోతే ఇప్పుడే నేర్పించే మనిషిని వెతకండి. బ్యాండ్ మాస్టర్ కావాలన్నవాడికి అది అక్షరాభ్యాసం లాంటిది. అన్నట్టు, 'ఏదో వాయిస్తాడు' అని రాశారు. ఏది? క్లారినెటా, ట్రంపెటా, డ్రమ్మా? కనుక్కుని రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.