ఎనిమిది నోడ్లు ఇచ్చినా ఎనిమిది రెట్లు వేగం రాదెందుకు?

ప్రశ్న: ద్రవ ప్రవాహాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్‌ను సీ భాషలో, ఎంపీఐ (చాలా ప్రాసెస్‌లు సందేశాలు పంపుకుంటూ కలిసి పనిచేసే పద్ధతి)తో రాశాను. గ్రిడ్ 240×240×240, టైమ్ స్టెప్పులు 20,000. ప్రతి 50 స్టెప్పులకు ఒక్కో ప్రాసెస్ తన భాగంలోని పీడనాన్ని విడి ఫైల్లో రాస్తుంది. 48 కోర్ల నోడ్ (క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్) ఒకదాని మీద 96 నిమిషాలు పట్టింది. 8 నోడ్ల మీద 12 నిమిషాల్లో అయిపోతుందనుకుంటే 41 పట్టింది. లోపం ఎక్కడ?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు ఫైళ్లను అనుమానించండి. మీరు 400 సార్లు రాస్తున్నారు. ఒక నోడ్ మీద అవి 19,200 ఫైళ్లు. 384 ప్రాసెస్‌లతో 1,53,600. డేటా మాత్రం పెరగలేదు, డబుల్ ప్రెసిషన్‌లో (సంఖ్యకు 8 బైట్లు) విడతకు సుమారు 110 మెగాబైట్లే. లస్టర్ లాంటి ఫైల్ సిస్టమ్‌లో డేటాను చాలా సర్వర్లు పంచుకుంటాయి. ఫైలు సృష్టించాలన్నా, తెరవాలన్నా ఫైళ్ల పేర్లు, వివరాలు చూసుకునే మెటాడేటా సర్వర్‌నే అడగాలి. 384 ప్రాసెస్‌లూ ఒకే డైరెక్టరీలో ఒకేసారి అడిగితే అక్కడ క్యూ కడతాయి. ఆ సమయంలో క్లస్టర్‌లో మిగతావాళ్ల పనీ నెమ్మదిస్తుంది, అందుకే దీన్ని తప్పకుండా సరిచేయాలి.

నిర్ధారించుకోవడానికి ఫైల్ రాయడం ఆపేసి 1, 2, 4, 8 నోడ్ల మీద 500 స్టెప్పుల చొప్పున నడపండి. లెక్కకు, హాలో మార్పిడికి (పక్క ప్రాసెస్‌ల నుంచి అంచు గడుల విలువలు తెచ్చుకోవడం), ఆల్‌రెడ్యూస్‌కు (అన్ని ప్రాసెస్‌ల విలువలను కలిపి ఫలితాన్ని అందరికీ ఇవ్వడం) ఎంపీఐ_డబ్ల్యూటైమ్‌తో విడివిడిగా సమయం తీయండి.

ఇక విడతకు ఒకే ఫైలు రాయండి. ఎంపీఐ_టైప్_క్రియేట్_సబ్అర్రేతో ఫైల్లో మీ భాగం ఎక్కడుందో చెప్పి, ఎంపీఐ_ఫైల్_సెట్_వ్యూ పెట్టి, ఎంపీఐ_ఫైల్_రైట్_ఆల్ పిలవండి. చివరి 'ఆల్' వదలకండి. అది ఉంటేనే చిన్న ముక్కలను కొన్ని ప్రాసెస్‌ల దగ్గర పోగుచేసి పెద్ద బ్లాకులుగా రాసే వీలుంటుంది. మెమరీ వైపు ఇంకో సబ్అర్రే కావాలి. అది లేకపోతే హాలో గడులు కూడా ఫైల్లోకి చేరి బొమ్మ చెదిరిపోతుంది. డైరెక్టరీకి ఎల్ఎఫ్ఎస్ సెట్‌స్ట్రైప్‌తో స్ట్రైప్ కౌంట్ (ఒక ఫైలును ఎన్ని నిల్వ భాగాల మీద పంచాలో చెప్పే సంఖ్య) 4 పెట్టి చూడండి. అది ఆ తర్వాత పుట్టే ఫైళ్లకే వర్తిస్తుంది.

ఇవన్నీ చేసినా 12 నిమిషాలు రావు. 48 ప్రాసెస్‌లప్పుడు ఒక్కోదానికి 2,88,000 గడులు, అంటే భుజం 66 ఉన్న ఘనం. హాలో దాదాపు 26,000 గడులు, 9 శాతం. 384 అయ్యేసరికి 36,000 గడులు, భుజం 33, హాలో 6,500, అంటే 18 శాతం. పని ఎనిమిదో వంతుకు తగ్గితే మార్పిడి నాలుగో వంతుకే తగ్గింది. పీడన సాల్వర్ ఆల్‌రెడ్యూస్ పిలిచిన ప్రతిసారీ అందరికన్నా వెనకబడిన ప్రాసెస్ కోసం మిగతా 383 ఆగాలి. కొలతల్లో సామర్థ్యం (పెరిగిన వేగాన్ని నోడ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది) 70 శాతం కిందికి పడిన చోటే ఆగండి. ఈ గ్రిడ్‌కు 4 నోడ్లతో సరిపెట్టుకోవడం మేలని మా అభిప్రాయం. ఇప్పుడైతే 77 కోర్-గంటల (కోర్ల సంఖ్యను గంటలతో గుణిస్తే వచ్చేది) పనికి 262 ఖర్చవుతోంది.

ప్రశ్న: పైథాన్‌లో ఎంపీఐతో 48 ప్రాసెస్‌లు నడిపితే 12 ప్రాసెస్‌ల కన్నా నెమ్మదిగా ఉంది. ప్రతి ప్రాసెస్ నమ్‌పై (పైథాన్ గణిత లైబ్రరీ)తో పెద్ద మాత్రికలను గుణిస్తుంది.
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నమ్‌పై కింద పనిచేసే ఓపెన్‌బ్లాస్, ఎంకేఎల్ లాంటి లైబ్రరీలు తమంతట తామే థ్రెడ్లు పుట్టిస్తాయి. ఒక్కో ప్రాసెస్ 48 పుట్టిస్తే 48 కోర్ల మీద 2,304 థ్రెడ్లు కొట్టుకుంటాయి. జాబ్ స్క్రిప్ట్‌లో, ప్రాసెస్‌కు ఎన్ని థ్రెడ్లో చెప్పే ఓఎంపీ_నమ్_థ్రెడ్స్‌ను 1 చేయండి, పైథాన్ మొదలయ్యే ముందే. నమ్‌పైని ఇంపోర్ట్ చేశాక ప్రోగ్రామ్ లోపల మారిస్తే సాధారణంగా పట్టించుకోదు.