మండువా ఇంట్లో దిగిన అతిథులు గుర్తుపెట్టుకునేది దేన్ని?

కోనసీమలో తాతగారి మండువా ఇల్లు (నడిమధ్య పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే పాతకాలం ఇల్లు) బాగుచేయించి, సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిద్దామనుకుంటున్నామని రాశారు. ఫొటో కార్నర్, ఊయల బల్ల, వెల్‌కమ్ కిట్... దేని మీద ఖర్చు పెడితే వచ్చినవాళ్లు మర్చిపోరని అడిగారు. రాజోలు దగ్గర మా అత్తగారి ఇంటిని కొన్నేళ్లుగా ఇలాగే నడుపుతున్నాం కాబట్టి మాకు తెలిసింది చెబుతాను. ఊయల బల్ల తప్పకుండా పెట్టండి, పిల్లలూ పెద్దలూ దాన్ని వదలరు. కానీ డబ్బయినా శ్రద్ధయినా ముందు పెట్టాల్సింది వాళ్లు గుమ్మంలో అడుగుపెట్టిన మొదటి గంట మీద.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లలో చాలామంది రాత్రంతా నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని పొద్దున్నే పాలకొల్లులో దిగుతారు. చించినాడ వంతెన దాటి మన దగ్గరికి వచ్చేసరికి టిఫిన్ల వేళ. మన చెక్-ఇన్ ఏమో పన్నెండింటికి. ముందురోజు దిగినవాళ్లు ఇంకా గదుల్లోనే ఉంటారు. చంటిపిల్లతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో వచ్చినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి పన్నెండు దాకా ఆగమంటే, ఆ తర్వాత మనం ఎంత చేసినా వాళ్ల మనసుకు ఎక్కదు. అందుకని మేము పెరటివైపు ఒక చిన్న గదినీ బాత్రూమ్‌నీ ఎవరికీ బుక్ చేయకుండా అట్టే పెట్టాం. వేడినీళ్లు, ఉతికిన తువ్వాళ్లు, నడుం వాల్చడానికి మంచాలు, అంతే. వాళ్ల స్నానాలయ్యేసరికి పనసాకుల బుట్టల్లో పొట్టిక్కలు ఉడికి ఉంటాయి. ఆ గదికీ అద్దె వస్తుంది కదా అని మావారు మొదట్లో అనేవారు. మాకొచ్చే రివ్యూల్లో ఎక్కువమంది ప్రస్తావించేది ఆ గదినే. ఇప్పుడాయనే దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వరు.

రెండోది, ఇంటి గురించి ఉన్నదున్నట్టు ముందే చెప్పేయడం. సముద్రం దగ్గర ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. మీదీ అలాంటి ఊరే అయితే బుకింగ్ అప్పుడే చెప్పండి. తాగడానికి టిన్ను నీళ్లు, చివర్లో తల మీద పోసుకోవడానికి ఒక బకెట్ మంచినీళ్లు విడిగా పెట్టించండి. దోమల సంగతీ అంతే. అన్ని మంచాలకూ దోమతెరలు కట్టిస్తే అవి చూడ్డానికీ అందంగా ఉంటాయి, రాత్రి నిద్రా పడుతుంది. వానాకాలంలో మండువాలోంచి నీళ్లు ధారగా పడుతుంటే పిల్లల ఆనందం చూసి తీరాలి. కానీ చుట్టూ ఉన్న గచ్చు జారుతుంది, కొబ్బరి పీచు పట్టాలు పరిపించండి. మన పాత ఇళ్ల ద్వారబంధాలు పొట్టివి, గడపలు ఎత్తువి. ద్వారానికి మామిడాకుల తోరణం కాస్త కిందికి వేలాడేలా కట్టండి. తల కొయ్యకు తగిలేలోపు ఆకులు తగిలి మనిషి వంగుతాడు. పెద్దవాళ్లుంటే కమోడ్ ఉన్న గది, ఎత్తు మంచం వాళ్లకే కేటాయించండి. అడిగించుకోకుండా చేస్తే దాని విలువే వేరు.

భోజనం దగ్గర హోటళ్లతో పోటీ పడకండి. మీ ఇంట్లో ఏది బాగా కుదురుతుందో అదే పెట్టండి. మా వంటావిడ ఆవపెట్టిన పనసపొట్టు కూర చేస్తే అమెరికా నుంచి వచ్చినవాళ్లు వీడియో తీసుకుని మరీ నేర్చుకుని వెళతారు. పులస గురించి మాత్రం గట్టిగా ఉండండి. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లోనే అది దొరుకుతుంది, దొరికినా ధర మండిపోతుంది. మిగతా రోజుల్లో అడిగితే లేదనే చెప్పండి. వేరే చేపను ఆ పేరుతో వడ్డించే చోట్లున్నాయి. మన ఇంట్లో ఆ పని జరక్కూడదు. పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పిస్తే, ఆ ఊరి పూతరేకులకు 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని కూడా చెప్పండి. కొనుక్కుని వెళ్లేవాళ్లకు అదొక ముచ్చట.

అసలు విషయం ఒకటుంది. ఇల్లు మీదే అయినా అతిథికి కనిపించేది దాన్ని చూసుకునే మనుషులు. మీరు హైదరాబాద్‌లో ఉండి నడపాలనుకుంటున్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. మా ఇంట్లో పనిచేసే భార్యాభర్తల చేతిలో ఎప్పుడూ కొంత డబ్బు ఉంచుతాం. పిల్లకు జ్వరమొస్తే ఆటో పిలవడానికో, ఎవరికో మజ్జిగ కావాలంటే పెరుగు తేవడానికో మాకు ఫోన్ చేసి అడగక్కర్లేదు. లెక్క నెలాఖరున చూసుకుంటాం. జీతం నెలనెలా ఇవ్వండి, అతిథులు రాని నెలల్లోనూ ఇవ్వండి. బుకింగ్‌కి ఇంత అని ఇస్తే, వారాంతానికి ఎవరైనా వస్తారో రారో అని వాళ్లకు ప్రతి గురువారం నుంచీ టెన్షనే, ఆ టెన్షన్ మొహంలో కనిపించకుండా దాచమనడం అన్యాయం.

సంక్రాంతికి ఇల్లు ఖాళీగా ఉండదు, ఆ సంగతి మీకూ తెలుసు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలని అందరూ అడుగుతారు. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు, అక్కడికి చేరతాయి. ఆ జనంలో కారు దగ్గరిదాకా పోదు. కాబట్టి దారి తెలిసిన ఊరి కుర్రాణ్ణి వెంట పంపండి, భోజనం పెందరాళే పెట్టేయండి. అంతర్వేది, అప్పనపల్లి, ఆదుర్రు బౌద్ధ స్తూపం లాంటివి వాళ్లే చూసి వస్తారు. మీరు గుడి మూసే వేళలు మాత్రం ఒక కాగితం మీద రాసిపెడితే చాలు.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే ఆ వివరాలు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. కాగితాలు ముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి, ప్రయాణ బడలికలో ఉన్నవాళ్లను నిలబెట్టి అడగకండి.

ఫొటోలు పెట్టి బుకింగులు తెరిచేముందు మీ అమ్మగారినీ నాన్నగారినీ తీసుకెళ్లి ఆ ఇంట్లో రెండు రాత్రులు అతిథుల్లా పడుకోండి. ఏ స్విచ్ మంచానికి అందట్లేదో, తెల్లవారుజామున ఏ గదిలో వెలుగు కళ్లలో పడుతోందో, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఏ ఫ్యాను తిరగట్లేదో అప్పుడే బయటపడుతుంది. అవన్నీ సరిచేయించాకే ఫొటోగ్రాఫర్‌ని పిలవండి.