ఆల్బా పెళ్ళికి వెళ్ళే ముందు

చి. మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ స్నేహితురాలి పెళ్ళికి ఆల్బా దగ్గర కొండల్లోకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు ముందు గర్వం కలిగింది, అది తీరకముందే బెంగ పట్టుకుంది. మన ఇంటి ఆడపిల్ల ఇటలీ వెళ్ళి తూరినోలో చదువుకోవడమే కాకుండా, అక్కడివాళ్ళు తమ ఇంటి శుభకార్యానికి పేరు రాసి పిలిచేంత దగ్గరైందంటే సంతోషించకుండా ఎలా ఉంటాను? కానీ మీ పెదనాన్నగారి ఉద్యోగం మూలంగా ఆ ఊళ్ళో కాపురం చేసినదాన్ని కాబట్టి, ఆ పెళ్ళిళ్ళలో మనవాళ్ళు ఎక్కడ తడబడతారో కూడా నాకు తెలుసు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని రెండుసార్లు అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందుగా నాకు కోపం తెప్పించిన సంగతి. నీతో ఒకే ఇంట్లో ఉండే అమ్మాయిని కూడా వెంట తీసుకువెళ్దామనుకుంటున్నావట. వద్దు. మన పెళ్ళిలో బంతికి ఒక మనిషి ఎక్కువైతే ఇంకొక విస్తరి వేస్తారు, వచ్చినందుకు సంతోషిస్తారు కూడా. అక్కడ శుభలేఖ మీద ఎవరి పేరుంటే వాళ్ళకే పిలుపు. విందు జరిగే చోట గుమ్మం దగ్గర ఒక పలక పెట్టి, ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో పేరుపేరునా రాస్తారు. ఆ పట్టిక కోసం పెళ్ళికూతురి తల్లి ఎవరి పక్కన ఎవరుంటే మాటలు కలుస్తాయో, ఎవరికి ఎవరితో పడదో ఆలోచిస్తూ వారాల తరబడి తల పట్టుకుని ఉంటుంది. అందులో లేని మనిషిని నువ్వు తీసుకువెళ్తే ఆవిడ నవ్వుతూనే కుర్చీ వేయిస్తుంది, కానీ నిన్ను మాత్రం మరచిపోదు. మరొక మాట: శుభలేఖతో పాటు విందుకు వేరే చిన్న కాగితం ఉందో లేదో చూసుకో. కొందరిని చర్చికి మాత్రమే పిలవడం అక్కడ మామూలే, అందులో చిన్నతనమేమీ లేదు.

వస్తున్నావో లేదో అడిగిన తేదీలోపు జవాబు రాయి. ఆ జవాబులోనే నువ్వు ఏమి తినవో కూడా రాయి. ఈ ఒక్క విషయంలో నేను సాగదీస్తే ఓపిక పట్టు, ఎందుకంటే మీ పెదనాన్నగారు ఇక్కడే దెబ్బతిన్నారు.

ఆయన తోటి ఉద్యోగి ఒకాయన కూతురి పెళ్ళి కూడా ఆ కొండల్లోనే, ఒక పాత పెద్ద ఇంట్లో జరిగింది. జవాబు కాగితంలో తిండి విషయంలో ఏమైనా చెప్పాలా అని అడిగితే ఆయన ఆ చోటు ఖాళీగా వదిలేశారు. పెళ్ళివారికి ఇది వండండి, అది వండకండి అని చెప్పడం ఎక్కడి మర్యాద అని నన్నే కసిరారు. అంత పెద్ద విందులో ఏదో ఒకటి దొరక్కపోతుందా అన్నది ఆయన ధీమా. చర్చి నుంచి వచ్చాక తోటలో నిలబడి గంటన్నర సేపు చిరుతిళ్ళు తినే వేళలో ఆ ధీమా నిలబడింది కూడా. ఆలివ్ కాయలు, తూరినోవారి గ్రిస్సీనీ పుల్లలు తిని, భోజనానికి ఆకలి మిగుల్చుకోవాలని ఆగిపోయారు. ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చున్నాము. మొదట వచ్చిన పళ్ళెంలో తెల్లటి చిక్కని పులుసు కింద పల్చటి ముక్కలు కనిపించాయి: అది విటెల్లో తొన్నాతో, అంటే దూడ మాంసం మీద చేపతో చేసిన పులుసు. రెండవది అన్యొలొత్తి, వేలితో నొక్కి మూసిన చిన్న చిన్న పిండి పొట్లాలు. పైన వెన్న, సేజ్ ఆకు తప్ప ఏమీ కనిపించక ఆయన ముఖం వికసించింది, కానీ లోపల ఉన్నదంతా కాల్చిన మాంసమే. మూడవది రిసోత్తో, అన్నమే కదా అనుకున్నాము, దాన్ని ఉడికించింది మాంసపు రసంలో అని వడ్డించే అబ్బాయి చెప్పాడు. నాలుగవది బరోలో వైన్‌లో గంటల తరబడి ఉడికిన గొడ్డు మాంసం. ముట్టని పళ్ళేలు ఒకదాని వెనుక ఒకటి వంటింటికి తిరిగి వెళ్తుంటే పెళ్ళివారికి గుండెల్లో రాయి పడింది. పెళ్ళికూతురి తల్లి స్వయంగా వచ్చి, ఏమైనా లోపం జరిగిందా అని అడిగింది.

అప్పటికైనా నిజం చెప్పవలసింది. ఆవిడను నొప్పించకూడదని ఆయన కడుపులో బాగోలేదన్నారు. ఇక చూడు, పెళ్ళికూతురి నాయనమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి, నిమ్మతొక్క వేసి కాచిన వేడి నీళ్ళు, ఆ దేశంలో అజీర్తికి వాడే మందు, పెద్ద కప్పు నిండా తెచ్చి దగ్గర కూర్చుని తాగించింది. ఆకలితో కళ్ళు తిరుగుతున్న మనిషికి అజీర్తి మందు! చివరికి అర్ధరాత్రి దాటాక పెళ్ళి కేకు వచ్చింది. కేకు దగ్గర ఆయన పట్టింపులు కాస్త సడలుతాయని నీకు తెలుసు కదా, ఆశగా చెయ్యి చాపారు. "కడుపు బాగోలేనప్పుడు తీపి తగదు" అని ఆ ముసలావిడ పళ్ళెం పక్కకు జరిపింది. తెల్లవారుజామున ఇంటికి చేరాక నేను అన్నం వండేవరకు కూడా ఆగలేక, ఆయన నిలబడే గిన్నెడు పెరుగు తాగారు. (ఈ ముక్క నేను రాసినట్టు ఆయనకు చెప్పకు.)

కథ అక్కడితో అయిపోయి ఉంటే నవ్వుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు అసలు సంగతి ఆ తల్లికి తెలిసింది. ఆవిడ నాతో, "ఒక్క మాట చెప్పి ఉంటే మీకోసం విడిగా వండించేదాన్ని, నా కూతురి పెళ్ళిలో ఒక అతిథి పస్తున్నాడని ఇప్పుడు జీవితాంతం గుర్తుంటుంది" అన్నది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాక, మన దగ్గర మొహమాటమనుకునేది అక్కడ ఎంత కష్టం పెట్టగలదో నాకు అర్థమైంది.

కాబట్టి నువ్వు "శాకాహారిని" అని ఒక్క మాట రాసి ఊరుకోకు. మాంసం, చేపలు, మాంసపు రసం, పందికొవ్వు ఏవీ తిననని విడివిడిగా రాయి. ఆ ప్రాంతంలో కూరగాయలతో పెట్టే బాన్యా కౌదా అనే వేడి పులుసులో కూడా ఆంచోవీ చేపలు కరిగించి ఉంటాయి. గుడ్డు సంగతి కూడా చెప్పు, ఎందుకంటే అక్కడి సన్నని తాయరీన్ పాస్తాను పచ్చసొనలతోనే కలుపుతారు. పార్మిజానో చీజ్‌కు పాలు విరిచేది దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో. అంతదాకా పట్టించుకుంటావో లేదో నువ్వే తేల్చుకో, నేను మాత్రం తినేదాన్ని. ఇంత చెప్పినా వెళ్ళే ముందు ఇంట్లో రెండు ముద్దలు తిని వెళ్ళు.

చర్చికి పెళ్ళికూతురి కంటే ముందే చేరాలి. పెళ్ళికూతురు కొంచెం ఆలస్యంగా రావడం అక్కడ ముచ్చట, అతిథి ఆలస్యంగా రావడం కాదు. అందరూ లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చో. ఫోను సంచిలోనే ఉంచు. గుడిలో ప్రసాదం వద్దనకూడదని చిన్నప్పటి నుంచి నేర్పింది మేమే కనుక, ఆ అలవాటుతో దివ్యసత్ప్రసాదం కోసం వరుసలో నిలబడతావేమోనని నా భయం. అది కతోలికులకు మాత్రమే ఇచ్చేది, ఆ సమయంలో నీ చోటనే ఉండు. ఆఖరున గురువు దేశపు పౌర చట్టం నుంచి 143, 144, 147 అధికరణాలు చదువుతాడు: భార్యాభర్తల సమాన హక్కులు, ఇద్దరూ కలిసి కాపురముండే చోటు నిర్ణయించుకోవడం, పిల్లల పట్ల బాధ్యతలు. 1929లో పోపుకూ ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందంతో చర్చి పెళ్ళికి చట్టబద్ధత వచ్చింది, అందుకే ఆ చదువు. మంత్రాల మధ్య చట్టం వినిపించడం నాకు మొదట వింతగా ఉండేది, తర్వాత తర్వాత బాగుందనిపించింది.

బయటికి వచ్చాక దంపతుల మీద బియ్యం చల్లుతారు. మన తలంబ్రాలు గుర్తొచ్చి నీకు హుషారు పుడుతుంది. వాళ్ళు ఇచ్చిన బియ్యమే చల్లు, పసుపు కలిపిన అక్షింతలు మాత్రం పట్టుకువెళ్ళకు. ఆ తెల్ల గౌనుకు పసుపు అంటిందంటే ఇక నేను రాయడానికేమీ ఉండదు.

చీర కట్టుకో, అందరికంటే నువ్వే బాగుంటావు. అయితే తెలుపు, మీగడ రంగు కూడదు. మధుపర్కాలు మన దగ్గర వధూవరులవే అయినట్టు అక్కడ తెలుపు పెళ్ళికూతురిదే. చేతులు లేని జాకెట్టయితే చర్చిలో భుజాలు కప్పుకోవడానికి శాలువా ఉండాలి. జడలో మల్లెలు పెట్టుకో, చామంతులు వద్దు: అవి నవంబరు 2న సమాధుల మీద పెట్టే పూలు. సన్నని మడమల చెప్పులు ఆ రాళ్ళ వీధుల్లో ఇరుక్కుంటాయి, తోట గడ్డిలో దిగబడతాయి.

విందులో చేపకూ మాంసానికీ నడుమ నిమ్మ సోర్బెత్తో అనే చల్లటి తీపి వస్తే భోజనం అయిపోయిందని లేవకు, అది సగమే. కేకు కోయకముందు సెలవు తీసుకోవడం అమర్యాద. ఆ కొండల ద్రాక్షతోటలు 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి, కాబట్టి అక్కడి వైన్ రుచి చూడమని గర్వంగా అడుగుతారు. వద్దంటే ఎవరూ బలవంతపెట్టరు. శుభం కోరుతూ గ్లాసులు కలిపేటప్పుడు మాత్రం మంచినీళ్ళ గ్లాసు ఎత్తకు, అది అశుభమని కొందరి నమ్మకం. ఇచ్చిన గ్లాసును పెదవులకు తాకించి కింద పెట్టు, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

తిరుగు ప్రయాణం ముందే కుదుర్చుకో. ఆ వేళకు ఆ కొండల్లో రైళ్ళూ బస్సులూ ఉంటాయనుకోకు. తాగినవాళ్ళ కారు ఎక్కవద్దు, ఎంత మంచి స్నేహితులైనా సరే. దగ్గరలో గది తీసుకుని తెల్లవారాక బయలుదేరితే మేలు, దాని ఖర్చు నేను పంపిస్తాను. నువ్వు చేరినట్టు తెలిసేదాకా నేను ఎలాగూ నిద్రపోను.

చదివింపులు అక్కడ ఎవరూ పైకి చదవరు. శుభలేఖలో కానుకల జాబితా వివరమో, కొత్త దంపతుల ప్రయాణానికి బ్యాంకు ఖాతా నంబరో ఉంటుంది; నీ తోటి విద్యార్థులతో కలిసి ముందే పంపించు, విందుకు పెట్టె మోసుకువెళ్ళకు. కత్తులు, చేతిరుమాళ్ళు ఇవ్వకూడదు. వచ్చేటప్పుడు దంపతులు చేతికిచ్చే చిన్న పొట్లంలో చక్కెర పూసిన బాదం పప్పులు అయిదు ఉంటాయి, బల్ల మీద మరచిపోకు.

నా నీలం గద్వాల చీర నీకు పంపుదామనుకుంటున్నాను, జూన్ ఎండకు అది బరువనిపించదు. జాకెట్టు కుట్టించాలి కనుక నీ కొలతలు ఈ ఆదివారంలోగా రాసి పంపు, మా దర్జీ ఆలస్యం చేస్తాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ